పెత్తనం లేని ఊరికి పేరేమిటి?

రాజోలు వైపు నుంచి బతుకుదెరువుకి ముందు కువైట్, అక్కణ్ణించి పోర్చుగల్ వెళ్ళిన మన పత్రిక పాఠకుడు ఒకడున్నాడు. ఒదెమీరా అనే చోట ప్లాస్టిక్ షెడ్లలో పళ్ళు కోసే పని. మధ్యలో నాలుగు నెలలు బార్సిలోనా పోయి హోటల్లో అంట్లు తోమాడు. ఆ తమ్ముడు మొన్న ఫోనులో రెండు ఫొటోలు, ఒక వాయిస్ మెసేజీ పంపాడు. ఒక ఫొటో లిస్బన్‌లో గోడ, రెండోది బార్సిలోనాలో గోడ. రెండింటి మీదా నల్లరంగుతో ఒకటే మాట. పోర్చుగీసువాళ్ళది ఒక భాష, బార్సిలోనా వాళ్ళది కటలాన్ అని ఇంకో భాష. మాట మాత్రం అక్షరం పొల్లు పోకుండా ఒకటే: అనర్కీయ.

"అన్నయ్యా, ఫోనులో తెలుగు చేసి చూస్తే 'అరాచకం' అని వచ్చిందండి. మన దగ్గర పేపరోళ్ళు మనల్ని తిట్టడానికి రాసే మాట కదండి ఇది! ఇక్కడ వీళ్ళు గోడలమీద గర్వంగా రాసుకుంటన్నారేటి? వీళ్ళకి సిగ్గు లేదా, మనకి అర్థం తెలీదా?"

ఈ ప్రశ్నకి ఒక ఉత్తరంతో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇది ఆ ఒక్క తమ్ముడి ప్రశ్న కాదు. మన పేటల్లో ప్రతి కార్యకర్త ఏదో ఒక రోజు ఈ మాట పడ్డవాడే. కలెక్టరాఫీసు ముందు టెంటు వేస్తే అరాచకం. శ్మశానానికి దారి ఇమ్మని రోడ్డు మీద శవాన్ని దించితే అరాచకం. అంబేద్కర్ విగ్రహానికి నాలుగడుగుల దిమ్మ కడితే అది కూడా అరాచకమే! అందుకే సంపాదకీయమే రాస్తున్నాం.

ముందు మాట సంగతి చూద్దాం. అరాచకం అసలు అరాజకం. రాజు లేకపోవడం. రాజుని తెలుగు నోరు 'రాచ' అంటుంది. రాచరికం, రాచబాట, రాచపుండు. అలా అరాజకం మన నోట అరాచకం అయింది. రాజు లేకపోతే ఏమవుతుందో పాత పుస్తకాలు ఏకరువు పెట్టాయి. రామాయణంలో దశరథుడు చచ్చిపోయాక పెద్దలంతా చేరి, రాజులేని దేశంలో వాన కురవదు, గుప్పెడు విత్తనం జల్లేవాడుండడు, కొడుకు తండ్రి మాట వినడు, పెళ్ళాం మొగుడి మాట వినదు అని భయపడతారు. వాన పడకపోవడం, పెళ్ళాం మాట వినకపోవడం రెండూ ఒకే జాబితాలో ఉన్నాయి, గమనించండి! మనువు ఇంకాస్త విప్పి చెప్పాడు. ఏడో అధ్యాయంలో, రాజు దండం పట్టకపోతే బలవంతులు బలహీనుల్ని చేపల్ని కాల్చినట్టు కాల్చుకు తింటారు అని మొదలుపెడతాడు. వినడానికి బాగానే ఉంది, బలహీనుల మీద జాలి ఉన్నట్టే ఉంది. ఆ తరవాతి శ్లోకంలో అసలు భయం బయటపడుతుంది. యజ్ఞానికి పెట్టింది కాకి తింటుందట, హవిస్సుని కుక్క నాకుతుందట, ఎవడి ఆస్తి వాడిది కాకుండా పోతుందట, కిందవాళ్ళు పైకీ పైవాళ్ళు కిందికీ అయిపోతారట. అదీ సంగతి. వాళ్ళు అరాచకం అన్నప్పుడు వాళ్ళ కళ్ళముందు కదిలేది హత్యలూ దోపిళ్ళూ కాదు. కిందవాడు పైకి రావడం. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని ఊరికే తగలబెట్టలేదు.

ఇక తమ్ముడు చూసిన మాట. అది గ్రీకు దేశంలో పుట్టింది. 'అన్' అంటే లేని. 'ఆర్ఖోస్' అంటే రాజు అనే కాదు. నాయకుడు, పై అధికారి, పెత్తనం చేసేవాడు. తెలుగులో సరిగ్గా చెప్పాలంటే 'పెత్తందారు లేకపోవడం'. రాజు లేకపోవడం వేరు, పెత్తందారు లేకపోవడం వేరు. ఈ తేడా పుస్తకాలు చదివినవాళ్ళ కంటే పేటలో ఉన్నవాళ్ళకే ఎక్కువ తెలుసు. 1948లో చట్టం చేసి మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు తీసేశారు. 1950లో దేశానికి రాజ్యాంగం వచ్చింది. రాజు పోయాడు. పెత్తనం పోయిందా? జమీందారు దివాణం నుంచి దిగి ఆసామి అరుగు మీద కూచుంది, అంతే. కాబట్టి ఫోను చెప్పిన తెలుగు సగం తెలుగే తమ్ముడూ.

గ్రీకుల దగ్గరే ఇంకో ముచ్చట ఉంది. క్రీస్తుకి పూర్వం 404లో ఏథెన్స్ నగరంలో ప్రజల ప్రభుత్వాన్ని కూలదోసి ముప్ఫై మంది పెద్దమనుషులు అధికారం పట్టుకున్నారు. జనాన్ని చంపారు, ఆస్తులు లాక్కున్నారు. అక్కడ ప్రతి సంవత్సరానికీ ఆ ఏడాది అధికారి పేరు పెట్టి లెక్క రాసుకునేవాళ్ళు. ప్రజలు మళ్ళీ గెలిచాక, ఆ ముప్ఫై మంది ఏలుబడిలో ఎన్నికైనవాడి పేరు రాయడానికి ఒప్పుకోలేదు. ఆ ఏడాదిని 'అనార్కియా' ఏడాది అన్నారు. అంటే ఏమిటి? బలవంతుల ఏలుబడిని ఏలుబడిగా గుర్తించం, అదే అరాచకం అని జనం తేల్చారు. మనవాళ్ళు కారంచేడు ఏడాది, చుండూరు ఏడాది అని చెప్పుకున్నట్టే.

తరవాత రెండువేల ఏళ్ళ పైచిలుకు ఆ మాట యూరపులోనూ తిట్టే. 1840లో ప్రూధోఁ అనే ఫ్రెంచివాడు, అచ్చుపని చేసి బతికినవాడు, ఆస్తి అంటే ఏమిటి అని పుస్తకం రాసి 'నేను అరాచకవాదిని' అని ఆ తిట్టుని తలమీద పెట్టుకున్నాడు. మనం 'దళిత' అనే మాటని తీసుకున్నట్టు. పడ్డ మాటని పట్టుకుని నిలబడటం ఒక పద్ధతి.

బార్సిలోనాలో ఆ పని బీదవాళ్ళ చేతుల్లోకి వచ్చింది. 1910లో అక్కడ సి.ఎన్.టి. అనే కార్మిక సంఘాల సమాఖ్య పుట్టింది. 1919 ఫిబ్రవరిలో ఆ ఊరికి కరెంటిచ్చే కంపెనీలో (జనం దాన్ని 'కెనడా వాళ్ళ కంపెనీ' అనేవాళ్ళు) ఆఫీసు గుమాస్తాలు ఎనిమిది మందిని తీసేశారు. మిగతావాళ్ళు పని ఆపారు. వాళ్ళ వెనక లైన్లు వేసేవాళ్ళు, వాళ్ళ వెనక నీళ్ళ కంపెనీ వాళ్ళు, ట్రాములవాళ్ళు. ఊరు చీకటైపోయింది. సమ్మెకి వ్యతిరేకంగా ప్రభుత్వం ఇచ్చిన ప్రకటనల్ని అచ్చు కూర్చే కార్మికులు కూర్చబోమన్నారు. పత్రికల మీద కార్మికుల సెన్సారు! ఎప్పుడైనా విన్నారా? 44 రోజులు నడిచింది. ఏప్రిల్‌లో స్పెయిన్ ప్రభుత్వం అన్ని పనులకూ రోజుకి ఎనిమిది గంటలని ఉత్తర్వు ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇదీ ఆ గోడమీది మాట చేసిన పని. మన దేశంలో ఆ ఎనిమిది గంటల కోసం వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా 1942 నుంచి కొట్లాడినవాడు బాబాసాహెబ్. 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరించి వారానికి 48 గంటలన్నారు. ఆసామి పొలానికి ఆ గంటల లెక్క ఈనాటికీ రాలేదు, అది వేరే కథ.

1936 జూలైలో సైన్యం తిరగబడితే బార్సిలోనా కార్మికులు వీధుల్లో ఎదిరించి ఓడించారు. యజమానులు పారిపోయారు. ట్రాములు, బట్టల మిల్లులు కార్మికులే నడుపుకున్నారు. ట్రాములకి ఎర్రా నలుపూ రంగులేసి కొద్ది రోజుల్లోనే పట్టాల మీదికి తెచ్చారు. మేనేజరు లేకపోతే బండి కదలదన్నవాళ్ళు చూస్తూ ఉండిపోయారు. అదంతా పాలూ తేనే అని మేం అనం. అక్కడ చర్చీలు తగలబెట్టారు, పాదిరీల్ని చంపారు. మన పేటల్లో ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళే అక్కలు ఇది విని ముక్కున వేలేసుకుంటారు, వేసుకోవలసిందే. 1939 జనవరి 26న ఫ్రాంకో సైన్యం ఆ ఊరు పట్టుకుంది. కటలాన్ భాషని ఆఫీసులోంచీ బడిలోంచీ తరిమేశారు. పోర్చుగల్లో అంతకు ముందే, 1926లో, సైన్యం గద్దెనెక్కింది. అక్కడి కార్మికుల దినపత్రిక 'ఎ బతాళ్య' అంటే 'పోరాటం', 1919లో పుట్టి, ఆ నియంతల చేతిలో 1927లో మూతబడింది. ఆ నియంతృత్వం 1974 ఏప్రిల్ 25 దాకా నడిచింది. తమ్ముడు చూసిన గోడరాత వెనక ఇంత ఉంది.

ఒక చిన్న తమాషా చెప్పి ముందుకి పోదాం. పోర్చుగీసు మాటలు మనకి కొత్త కాదు. ఓడలెక్కి వచ్చి మన ఒడ్డున దిగి మన ఇళ్ళల్లో కాపురం పెట్టాయి. బొత్తాం వాళ్ళదే. తువాలు వాళ్ళదే. అనాసపండు, పీపా, పాదిరి, అలమర అన్నీ వాళ్ళవే. అన్నిటికన్నా గట్టిగా పాతుకున్నది 'మేస్త్రీ'. వాళ్ళ 'మెస్త్రె', అంటే యజమాని, గురువు. ఊడ్పులకి మేస్త్రీ, కోతలకి మేస్త్రీ, తాపీపనికి మేస్త్రీ, గల్ఫుకి పంపడానికీ ఒక మేస్త్రీ. 1993లో చిరంజీవి 'ముఠామేస్త్రి' అని సినిమాయే తీశాడు. అదే భాషలో ఉన్న అనర్కీయ మాత్రం మన రేవులో దిగలేదు. పెత్తనం చేసేవాడి పేరు దిగింది, పెత్తనం వద్దనే మాట ఓడలోనే ఉండిపోయింది. ఎవరు దించుకుంటారు చెప్పండి!

ఇప్పుడు మన కోనసీమకి వద్దాం. మనం ఏ ఆందోళన మొదలెట్టినా పెద్దమనుషులు చదివే పాఠం ఒకటుంది. "మీ అంబేద్కరే అన్నాడయ్యా, సత్యాగ్రహాలూ సహాయనిరాకరణలూ అరాచకపు వ్యాకరణమని!" అన్న మాట నిజమే. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అన్నారు. కానీ ముక్క కోసి చూపిస్తున్నారు. రాజ్యాంగబద్ధమైన దారి మూసి ఉన్నప్పుడు ఆ పద్ధతులకి న్యాయం ఉంది, దారి తెరిచి ఉన్నప్పుడు లేదు అన్నారాయన. 1927లో చవుదారు చెరువుకీ 1930లో కాళారాం గుడికీ జనాన్ని నడిపించింది ఆయనే కదా! అప్పుడు దారి మూసి ఉంది. అదే ఉపన్యాసంలో, రాజకీయాల్లో సమానత్వమూ బతుకులో అసమానత్వమూ ఎంతకాలం ఇలా పక్కపక్కన నడుస్తాయి, దీన్ని త్వరగా సరిచేయకపోతే బాధపడేవాళ్ళే ఈ కట్టడాన్ని పేల్చేస్తారు అని హెచ్చరించారు. ఆ ముక్క పెద్దమనుషులకి కంఠతా రాదెందుకో.

ఆయన కొలబద్దనే పట్టుకుని 2022 చూద్దాం. ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టే ప్రాథమిక ప్రకటన వచ్చింది. అభ్యంతరాలుంటే కలెక్టరుకి రాసివ్వండి, 30 రోజులు గడువు అన్నారు. అంటే దారి తెరిచి ఉంది. నోరుంది, కాగితముంది, కలెక్టరున్నాడు. ఆరు రోజులాగలేదు! మే 24న అమలాపురంలో దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. ముమ్మిడివరం బీసీ ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు తగలబెట్టారు. జిల్లా ఎస్పీతో సహా పోలీసులకి దెబ్బలు తగిలాయి. రోజుల తరబడి జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. జూన్ 24న మంత్రివర్గం ఆ పేరుకే ఆమోదం తెలిపింది. 2023 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి, ఆ కేసులు ఎత్తేస్తామని అన్ని కులాల పెద్దల్నీ కూచోబెట్టి చెప్పారు. కుర్రాళ్ళ భవిష్యత్తు, ఊళ్ళో సామరస్యం అన్నారు. కుర్రాళ్ళ మీద మాకూ కక్ష లేదు. వెనక ఉండి తోసినవాళ్ళు ఇంట్లో కూచుంటే ముందుకెళ్ళినవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారన్నదీ నిజమే. మా ప్రశ్న ఒకటే. తెరిచిన తలుపు ఎదురుగా ఉండగా గోడ బద్దలు కొట్టడాన్ని ఏ వ్యాకరణం అంటారు? ఆ కొద్ది రోజులూ పత్రికలు దాన్ని అరాచకమే అన్నాయి, కాదనం. తరవాత నెమ్మదిగా 'అల్లర్లు' అయింది, ఆపైన 'ఘటన' అయింది. మనవాళ్ళ మీద పడ్డ మాటకి ఇలా మెత్తబడే భాగ్యం ఎప్పుడైనా కలిగిందా?

2011 సార్వాకి ఇదే కోనసీమలో రైతులు పంట విరామం అన్నారు. నాట్లు వెయ్యం, చేలు బీడు పెడతాం అన్నారు. గిట్టుబాటు ధర లేదు, ఖర్చులు పెరిగాయి, నిజమే. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. మంచిదే. ఆ సార్వాలో ఊడ్పులు లేక, కోతలు లేక పేటలో ఆడవాళ్ళు ఏం తిన్నారని ఏ కమిటీ అడిగింది? పైగా ఉపాధి హామీ వల్ల కూలి పెరిగిపోయిందనేది వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి. ఆసామి పని ఆపితే 'విరామం', కూలి పని ఆపితే 'అరాచకం'. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోతే 'ప్రమాదం'. 2016 ఆగస్టులో అమలాపురంలో చచ్చిన ఆవు చర్మం తీస్తున్న మనవాళ్ళని పట్టుకుని కొడితే 'గోరక్షణ'. నిఘంటువు ఎవరి ఇంట్లో ఉందో తెలుస్తూనే ఉంది.

ఇంత చెప్పాక చదువుకున్న కుర్రాళ్ళు కొందరు అంటారు, "అయితే మనం కూడా అరాచకవాదులమే అనేద్దాం అన్నా, రాజ్యం మనకేం ఒరగబెట్టింది?" అని. కోపం అర్థమవుతుంది. కానీ తొందర పడకండి. గాంధీగారు 1916లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ప్రారంభోత్సవాల్లో రాజుల ముందు నిలబడి, నేనూ ఒక అరాచకవాదినే, కాకపోతే వేరే రకం అన్నారు. ఆయన అంటే తత్వం. పేట కుర్రాడు అంటే కేసు. అది ఒక సంగతి. అసలు సంగతి వేరే ఉంది. రాజ్యం చెయ్యి తీసేస్తే బార్సిలోనాలో కార్మికుడు మిగిలాడు. మన ఊళ్ళో రాజ్యం చెయ్యి తీసేస్తే ఎవరు మిగులుతారు? కులం మిగులుతుంది. వెలి చూడండి. వెలికి ప్రభుత్వం అక్కర్లేదు, పోలీసు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. నలుగురు పెద్దమనుషులు చావిట్లో కూచుని పేటవాళ్ళకి పని ఇవ్వద్దు, కొట్లో సరుకివ్వద్దు, ఆటో ఎక్కించుకోవద్దు అంటే చాలు, తెల్లారేసరికి అమలు. ఇంత గట్టి పరిపాలన ఢిల్లీకి కూడా చేతకాదు! 1991లో చుండూరులో చంపడానికి ముందు వెలి వేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికేనాటికి ఊళ్ళో పోలీసులున్నారు. రాజ్యం లేక కాదు, రాజ్యం ఉండి పక్కకి తిరిగి నిలబడింది. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 1948 నవంబరులో రాజ్యాంగసభలో బాబాసాహెబ్ గ్రామాన్ని ఇరుకుతనానికీ అజ్ఞానానికీ గుంట అని, ఊరిని కాదు మనిషిని లెక్కలోకి తీసుకున్నామని సంతోషించింది అందుకే. ఊరిని ఊరికి వదిలెయ్యడం మనకి విముక్తి కాదు.

అందుకని మనం రెండు పనులూ ఒకేసారి చెయ్యాలి, కష్టమే. పెత్తనం వద్దు అనాలి. చట్టం రావాలి అనాలి. మన కాట్రేనికోన పక్క కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు చేసింది ఇదే. కారంచేడు తరవాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి విసిరికొట్టినవాడు, చట్టాన్ని మాత్రం వదల్లేదు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని మామూలు జనానికి అర్థమయ్యే పుస్తకం రాసి చేతికిచ్చాడు. కార్యకర్తలు ఇది గుర్తుపెట్టుకోండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించాక సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ ఆ చట్టం కింద నేరాలు. మనం గౌరవించే విగ్రహాన్ని పాడు చేయడం నేరం. 2018లో చేర్చిన 18-ఎ ప్రకారం, ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు విచారణ చేస్తాం అనడానికి స్టేషన్లో వీల్లేదు. నాలుగో సెక్షను కింద, కావాలని విధి చెయ్యని అధికారి మీద కూడా కేసు పడుతుంది. స్టేషన్ గుమ్మంలో ఎవరైనా "అరాచకం చెయ్యకండి" అంటే ఆ సెక్షను నంబరు చెప్పి, కూచోండి. లేవకండి.

కొత్తపేట వైపు ఒక పేటలో ఈ మాట మీద మొన్న చిన్న మీటింగు పెట్టాం. అనర్కీయ, అరాచకం, పెత్తనం అంటూ మేం అరగంట చెప్పాం. వెనక తువాలు పరుచుకుని కూచున్న ఒక ముసలమ్మ అంతా విని, "అంటే మేస్త్రీ లేని ముఠా అన్నమాట, అంతేగా బాబూ?" అంది. అంతే అమ్మా. ఆ పేటలో పన్నెండుమంది ఆడవాళ్ళు కిందటి దాళ్వాకి మేస్త్రీని తప్పించి, ఊడ్పుల గుత్త నేరుగా వాళ్ళే మాట్లాడుకున్నారు. లెక్క ఎనిమిదో క్లాసు చదివే పిల్ల రాసింది. డబ్బు చాప మీద పోసి సమానంగా పంచుకున్నారు. ఒకామెకి జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే ఆమె వాటా సంగతేంటని ఒక రాత్రంతా కొట్లాడుకుని సగం ఇచ్చారు. రెండో వారం ఒక ఆసామి, మేస్త్రీ లేకుండా మీతో నేను మాట్లాడను అన్నాడు. ఆయన చేలో దిగలేదు. ఈ సార్వాకి పిలుస్తాడో లేదో చూడాలి.

ఇదంతా తమ్ముడికి వాయిస్ మెసేజీలో చెప్పాం. రాత్రి జవాబొచ్చింది. "ఇక్కడా ఉన్నాడన్నయ్యా మేస్త్రీ. కాయితాలు చేయిస్తానని రెండు నెలల జీతం పట్టుకున్నాడు. పనోళ్ళ సంఘం ఆఫీసు ఎక్కడుందో కనుక్కున్నాను. ఆదివారం నలుగురం కలిసి వెళ్తన్నాం. ఏం జరిగిందో రాస్తాను, వేస్తారా?"

వేస్తాం.